సజ్జ కింద కందిరీగలు

మా ఆయన ఒంటికన్నుతో ఉద్యోగానికి వెళ్ళిన రోజు నుంచి మొదలుపెడితే గానీ ఈ సంగతి సరిగ్గా అర్థం కాదు.

తొంభైల మధ్యలో మేము బొమ్మనహళ్ళి దగ్గర ఒక ఇంటి మేడ మీద అద్దెకు ఉండేవాళ్ళం. కింద ఓనరమ్మ ఒక్కతే ఉండేది. మా ఆయనకు అత్తిబెలెలో ఒక ఫ్యాక్టరీలో పని. పొద్దున్నే హోసూరు రోడ్డు మీదికి పరుగెత్తి కంపెనీ బస్సు పట్టుకోవాలి. నేను ఇంట్లోనే కిటికీ పక్కన మిషను వేసుకుని జాకెట్లు కుట్టేదాన్ని, చీరలకు ఫాల్స్ వేసేదాన్ని.

ఆ రోజు ఆయన స్నానం చేసి వచ్చి, మిద్దె మీద తీగకు ఆరేసిన తువ్వాలు లాగి మొహం తుడుచుకున్నారు. తువ్వాలు మడతలో ఒక పసుపు చారల కందిరీగ కూర్చుని ఉంది. ఎండకు ఆ మడత వెచ్చగా ఉండి దానికి బాగా నచ్చి ఉంటుంది. ఉన్నట్టుండి ఒక తడి మొహం వచ్చి మీద పడేసరికి అది తనకు తెలిసిన పని తాను చేసింది. కుడి కంటి రెప్ప మీద. నేను సున్నం తెచ్చేలోపల రెప్ప మినపవడలాగా ఉబ్బింది. కంటి దగ్గర సున్నమేమిటని ఆయనే నా చెయ్యి పట్టుకుని ఆపారు. చన్నీళ్ళ గుడ్డ ఒత్తుకుంటూనే బస్సుకు పోయారు.

కందిరీగ అంటే బస్సులో ఒక్కరూ నమ్మలేదట. పెళ్ళాం చేతి గాజు బాగా తగిలిందా అని వారమంతా అడిగారట. ఆయన ఆ మాటలు ఇంటికి తెచ్చి నాకు చెప్పి నవ్వేవారు గానీ, అప్పటినుంచి తువ్వాలు విదిలించకుండా ముట్టుకోలేదు. చొక్కాలూ అంతే. చివరికి దుప్పట్లు కూడా. మా మిద్దె మీద పొద్దున్నే బట్టలు విదిలించే టపటప చప్పుడు విని ఓనరమ్మ పైకి వచ్చింది, ఏం జరుగుతోందో చూద్దామని.

ఓనరమ్మ వాళ్ళది తాతల కాలం నుంచి బెంగుళూరే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కోపం వస్తే రెండూ. కంటి సంగతి వినగానే నీళ్ళ ట్యాంకు కింద చెయ్యి చూపించింది. అక్కడ సిమెంటు పలక అడుగున అరచేయంత గూడు వేలాడుతోంది, బూడిద రంగులో, బోర్లించిన చిన్న గొడుగులాగా. దాని నిండా కందిరీగలు. అన్నాళ్ళూ వాటి కిందే బట్టలు ఆరేస్తున్నాం, మాకు తెలియనే తెలియదు.

"ఇవి కణజాలప్పా. కిరసనాయిలు గుడ్డతో ఒక్కసారి చూపిస్తే అన్నీ మాయం. మా ఇంటాయన ఉన్నప్పుడు నిమిషంలో చేసేవాడు," అంది ఓనరమ్మ. కణజ అంటే కన్నడంలో కందిరీగ అని నాకు అప్పుడే తెలిసింది.

ఆదివారం పొద్దున ముహూర్తం. మా ఆయన మంకీ క్యాపు, పాత స్వెట్టరు, చేతులకు నా పాత మేజోళ్ళు వేసుకుని తయారయ్యారు. పొడుగాటి వెదురు కర్రకు గుడ్డలు చుట్టి, కిరసనాయిలు పోసి, ఓనరమ్మే అగ్గిపుల్ల గీసింది. తలుపు కంత లోంచి నేను చూస్తున్నాను.

మంట తగలగానే గూడు కాగితంలా భగ్గుమంది. అంతవరకూ బాగానే జరిగింది. కానీ లోపలున్న కందిరీగలు మాయం కాలేదు, నాలుగు దిక్కులకూ లేచాయి. ఓనరమ్మ చెంగు తలమీద కప్పుకుని మెట్లు దిగింది. మా ఆయన కాగడాను అటూ ఇటూ తిప్పుతూ వెనక్కి జరిగి, ట్యాంకు నుంచి దిగే ప్లాస్టిక్ పైపుకు ఆనించారు. ఆయన చూపంతా కందిరీగల మీదే ఉంది. పైపు మెత్తబడి, వంగి, పుసుక్కున తెగింది. ట్యాంకులో నీళ్ళన్నీ ఒక్కసారిగా ఆయన మీద పడి కాగడా ఆరిపోయింది. అక్కడితో ఆగక, చాప మీద ఎండబోసిన ఓనరమ్మ రాగుల్లోకి పోయి, రాగుల్ని వెంటబెట్టుకుని మోరీలోకి పోయాయి.

ప్లంబరు దొరికేదాకా నేల కింది సంపు నుంచి బిందెలతో మెట్లెక్కి నీళ్ళు మోసుకున్నాం. ఓనరమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు, అగ్గిపుల్ల తనదే కాబట్టి. సాయంత్రం మిద్దె మీదికి పోయి చూస్తే, మసిబారిన పలక అడుగున పదీ పన్నెండు కందిరీగలు వరసగా కూర్చుని ఉన్నాయి. మేం మంట పెట్టిన వేళకు అవి బయట పనుల మీద తిరుగుతున్నాయన్నమాట. తిరిగొచ్చి చూస్తే ఇల్లు లేదు, అయినా ఆ చోటు వదిలి కదల్లేదు. నాకు భయమూ వేసింది, ఎక్కడో కొంచెం జాలీ కలిగింది. మా ఆయనకు జాలి కలగలేదు. ఆయన మెడ మీద రెండు, ముంజేతి మీద ఒకటి కుట్టాయి.

తర్వాతి సంవత్సరం మా అత్తగారు వచ్చింది. ఆమె దొడ్డబళ్ళాపురంలో మా బావగారి దగ్గర ఉండేది. వాళ్ళకు మగ్గాలున్నాయి. పొద్దస్తమానం కండెలు చుడుతూనో, మగ్గం దగ్గర ఎవరినో గదమాయిస్తూనో ఉండే మనిషి. బావి దగ్గర జారి పడి కాలు విరిగింది. మోకాలి పైదాకా పిండికట్టు వేశారు. ఆ ఇంట్లో మగ్గాల చప్పుడుకు నిద్ర పట్టదు, స్నానాల గది పెరట్లో ఉంటుంది. అందుకని కట్టు విప్పేదాకా మా దగ్గర ఉంచుదామని మా ఆయన కారు మాట్లాడుకుని పోయి తీసుకొచ్చారు.

మాకున్నవి ఒక గది, ఒక వంటిల్లు. గాలీ వెలుతురూ వచ్చే కిటికీ ఒక్కటే. అక్కడ నా మిషను ఉంది. అత్తగారి మంచం అక్కడ వేసి మిషను గోడ పక్కకు జరిపాం. నాకు సూదిలో దారం ఎక్కించడానికి కూడా లైటు వేసుకోవలసి వచ్చింది. ఆమెకేమో పని లేకుండా పడుకోవడం జన్మలో అలవాటు లేదు. కిటికీ లోంచి వీధి కనబడదు, ఓనరమ్మ పెరడు, పక్కింటి గోడ, పైన ఎండకు అడ్డంగా పోసిన సజ్జ. అంతే. మొదటి వారం ఆమె మా ఇద్దరికీ వంకలు పెట్టడంతో గడిపింది. చారులో చింతపండు ఎక్కువ, మిషను చప్పుడు మగ్గం కంటే అన్యాయం, వీడికి ఇంటికి రావడానికి ఇంత ఆలస్యమెందుకు.

ఒక మధ్యాహ్నం ఆమె నన్ను మెల్లగా పిలిచింది. గొంతు మారితే కాలు నొప్పేమో అనుకుని లేచి వెళ్ళాను. ఆమె సజ్జ వైపు చూస్తోంది. సజ్జ అడుగున ఒక్క కందిరీగ తల కిందులుగా వేలాడుతూ ఏదో మెత్తుతోంది. సన్నటి కాడ, కాడ చివర రెండో మూడో చిన్న గిన్నెలు. ఇంకా గూడు అనడానికి కూడా లేదు. నేను చీపురు కోసం తిరిగాను.

"వద్దు పాపా. కట్టుకోనీ దాన్ని," అంది అత్తగారు.

"అది కుడుతుంది అత్తా. మీ అబ్బాయి కన్ను సంగతి చెప్పాను కదా."

"కుడితే ఏమి, నువ్వు కుట్టడం లేదా పొద్దస్తమానం? అదీ అట్లే. నేనేమన్నా లేచి యాడికన్నా పోతాండానా? నాకూ పొద్దు పోవల్ల గదా."

నవ్వు వచ్చి చీపురు పక్కన పెట్టాను. ఆ ఒక్క పురుగును, ఆ మూడు గిన్నెలనూ అప్పుడు చీపురుతో తోసేసి ఉంటే అక్కడితో అయిపోయేది, నిజమే. మొదట్లో అయితే కాపలాకు ఎవరూ ఉండరు. తల్లి బయటికి పోయినప్పుడు కాడ తెంపేస్తే చాలు, ఇంకెక్కడో కట్టుకుంటుంది. ఆ సంగతి మేం తర్వాత తెలుసుకున్నాం. అప్పుడు మాత్రం అత్తగారు వంకలు పెట్టడం మానేసి ఒక దిక్కు చూస్తోంది కదా, అదే పదివేలు అనుకున్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చి, సంగతి విని, కిటికీకి ఆమడ దూరంలో నిలబడిపోయారు. తల్లిని మందలించే ధైర్యం లేదు, కందిరీగను సహించే ధైర్యమూ లేదు. మర్నాడే దోమల జాలీ తెచ్చి, చెక్కపట్టీలు కొట్టి కిటికీ మొత్తానికి బిగించారు, చీమ కూడా దూరకుండా. మేకులు కొట్టేటప్పుడు మాత్రం మంకీ క్యాపు పెట్టుకున్నారు, ఎండాకాలం మధ్యాహ్నం.

అప్పటినుంచి మా ఇంట్లో కబుర్లన్నీ కందిరీగలవే. అన్నం పళ్ళెం చేతికిస్తే, ముద్ద నోట్లో పెట్టుకోకముందే ఆ పూట విశేషాలు చెప్పేది అత్తగారు. గూటికి కాగితం ఎక్కడి నుంచి వస్తోందో రెండు రోజులు కాపు కాసి కనిపెట్టింది. ఓనరమ్మ పెరట్లో బట్టలారేసే పాత వెదురు గడ ఉంది. దాని మీద వాలి నోటితో గీకుతాయి. చెవి పెట్టి వింటే ఆ గీకుడు వినబడుతుందని నన్ను మిషను ఆపమనేది. ఆపితే నిజంగానే వినబడేది, ఎవరో గోటితో కాగితం గీరుతున్నట్టు. ఆ పొట్టును ఎంగిలితో నమిలి ముద్ద చేసి, వెనక్కి నడుస్తూ గిన్నె అంచు మీద పట్టీలా వేస్తాయి. మొదటి అంచూ కొత్త అంచూ రంగులో ఒక్క వీసం తేడా. "నేత మాదిరే ఉండాది చూడు, పోగు పక్కన పోగు," అని ఆమె మురిసిపోయేది.

మొదటి పిల్లలు బయటికొచ్చాక పని వేగం పుంజుకుంది. పిల్లలూ ఆడవే అయినట్టున్నాయి, అన్నీ తల్లికి సాయానికే దిగాయి. కొన్ని పచ్చటి ఉండలు తెచ్చేవి. అవేమిటో ఆమెకు చాలా రోజులు అంతు పట్టలేదు. ఒకనాడు ఓనరమ్మ కింద నుంచి పెరట్లో అనప చిక్కుడు పాదుకు ఈసారి పురుగు పట్టలేదని గొప్పగా చెప్పుకుంటోంది. పాదు కింద నుంచి దారాల మీద మా సజ్జ దాకా పాకింది. అత్తగారు వెంటనే కిటికీ లోంచి, పురుగు పట్టకేమి, పట్టింది, మా కందిరీగలు తినిపోతున్నాయి అని చెప్పింది. నమిలి ఉండ చేసి గూట్లో పిల్లలకు తినిపిస్తాయట, పెద్దవి మాత్రం తీపి తప్ప ముట్టవట. ఓనరమ్మ నమ్మలేదు. ఒక కందిరీగ ఆమె కళ్ళముందే ఆకు మీద నుంచి పచ్చపురుగును ఎత్తుకుపోయాక నమ్మింది. అప్పటినుంచి కిరసనాయిలు మాట ఎత్తలేదు.

వాటిలో ఒకటి ఎప్పుడూ గూటి మీదే ఉంటుందని కూడా అత్తగారే చూసింది.

"ఆ పెద్దది ఉండాదే, కదల్దు. కూర్చున్న తావునే కూర్చోని అందర్నీ పనికి పంపిస్తాది. తిండి నోటికి తెచ్చిస్తారు. ఏం దర్జా అప్పా," అంది ఒకరోజు.

నేను ఆమె పళ్ళెం కడగడానికి తీసుకుంటూ ఆమె మొహంలోకి చూశాను. మంచం మీద దిండుకు ఆనుకుని, కాలు చాపుకుని, నా చేతికి పళ్ళెం అందిస్తూ ఉంది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఎందుకు నవ్వుతున్నానో ఆమెకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. తర్వాత ఆమె నా కంటే ఎక్కువ నవ్వింది, కట్టు కదిలి కాలు నొప్పి పుట్టేదాకా. అత్తాకోడళ్ళం మేము దగ్గరైంది ఆ రోజే అనుకుంటాను. అంతకు ముందు ఒకరికొకరం మర్యాదగా ఉండేవాళ్ళం, అంతే.

జాకెట్ల కోసం వచ్చే ఆడవాళ్ళకు ఈ ముచ్చట పట్టలేదు. మెట్ల మీదే నిలబడి కొలతలు చెప్పిపోయేవాళ్ళు. కందిరీగలు ఊరికే మనుషుల మీదికి రావని అత్తగారు వాళ్ళకు నచ్చజెప్పేది. అవి గూటి నుంచి ఒకే దారిన పోయి ఒకే దారిన వస్తాయి, ఆ దారికి అడ్డంగా నిలబడితేనే మొహానికి తగులుతాయి. చేతులు విసరకూడదు, పక్కకు జరగాలి. గూడు అదరకూడదు. ఆమె చెప్పినట్టే మెట్ల మీద రెండడుగులు ఇటు నిలబడమంటే ఎవరికీ ఏమీ కాలేదు. నేను కూడా మామిడి తొక్కలు, బెల్లం కడిగిన నీళ్ళు గుమ్మం బయట పారబోయడం మానేశాను. చెత్తబుట్టకు మూత పెట్టాను. దాంతో వంటింట్లోకి రావడం మానేశాయి.

అంతా ఇలా సర్దుకుపోతున్నప్పుడు జరిగింది ఓనరమ్మ సంగతి.

ఒక ఉదయం ఆమె అనపకాయలు కోస్తోంది. కింద అందినవన్నీ కోసి, పైన సజ్జ దగ్గరున్న గుత్తి కోసం తీగను పట్టి గట్టిగా గుంజింది. తీగ సజ్జ అంచున చుట్టుకుని ఉంది. గూడంతా ఊగింది. నాలుగైదు కందిరీగలు సూటిగా కిందికి దిగాయి. నేను వంటింట్లో ఉన్నాను, కేక వినబడింది గానీ, ఓనరమ్మ కేకలు వేయడం మాకు కొత్త కాదు. అత్తగారి పిలుపు విని మాత్రం చేతిలో గరిటెతో పరుగెత్తాను.

"పాపా, బిరాన కిందికి పో. ఆయమ్మ కూలబడింది. మొగం బాగలేదు."

ఓనరమ్మ మెట్ల దగ్గర కూర్చుని ఉంది. చేతి మీద, మెడ మీద కుట్టాయి. అది పెద్ద విషయం కాదు, ఆమెను ఇంతకుముందు ఎన్నోసార్లు కుట్టాయి. కానీ పెదవులు ఉబ్బాయి, కుట్టని చోట్ల కూడా ఒళ్ళంతా దద్దుర్లు లేస్తున్నాయి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఊపిరి లాగుతోంది. సున్నం పెట్టు, ఉల్లిపాయ రుద్దు అని సైగ చేస్తోంది. నాకు మా ఆయన రెప్ప గుర్తొచ్చి, అలాంటిదే, తగ్గిపోతుంది అనుకోబోయాను. పైనుంచి అత్తగారు మాత్రం ఊరుకోలేదు. అది వేరే, ఇది వేరే, ఆటో పిలువు అని జాలీ మీద కొడుతూనే ఉంది.

ఆటోలో ఓనరమ్మ నా భుజం మీద తల వాల్చింది. అంత గొంతున్న మనిషి ఒక్క మాట మాట్లాడలేదు. నర్సింగ్ హోము గేటు కనబడేదాకా ఆ ఊపిరి చప్పుడు వింటూ నేను డ్రైవరు వీపు మీద చెయ్యి పెట్టి పోనీ పోనీ అంటూనే ఉన్నాను. లోపలికి తీసుకుపోగానే ఇంజెక్షన్ ఇచ్చారు. కాసేపటికి ఊపిరి సర్దుకుంది. కొందరికి ఎన్నోసార్లు కుట్టినా ఏమీ కాదని, ఉన్నట్టుండి ఒకసారి ఒళ్ళు తట్టుకోలేకపోతుందని డాక్టరు చెప్పాడు. వాపు కుట్టిన చోట ఉంటే ఐసు పెట్టుకుని ఇంట్లో ఉండొచ్చు, ఊపిరికో పెదవులకో వస్తే క్షణం ఆగకుండా రావాలి అన్నాడు. ఇకముందు ఆమెను ఒక్కటి కుట్టినా రమ్మన్నాడు.

సాయంత్రం మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చాక జరిగిందంతా చెప్పాను. ఆయన గూడు తీసెయ్యాలనే మాట ఎత్తలేదు, తల్లి ఏమంటుందోనని. అన్నాలయ్యాక ఆమే అంది.

"తీసేయప్పా దాన్ని. ఆయమ్మ పెరట్లోకి రావల్ల గదా, ఆయమ్మ ఇల్లు అది. నాకు పొద్దు పోలేదని మనిషిని చంపుకుంటామా."

ఆ మాట చెప్పి గోడ వైపు తిరిగి పడుకుంది. కిటికీ వైపు కాదు.

ఈసారి కాగడాలూ ముహూర్తాలూ లేవు. చీకటి పడే వేళకు అన్నీ గూటికి చేరతాయి, చల్లదనానికి మందకొడిగా ఉంటాయి, అప్పుడు సబ్బునీళ్ళు చిమ్మితే రెక్కలు తడిసి ఎగరలేవు అని ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారట. ఆదివారం సాయంత్రం చేద్దామనుకున్నారు. మొక్కలకు మందు కొట్టే పంపు ఒకటి ఎవరినో అడిగి తెచ్చుకున్నారు. దాన్ని శనివారమే శుభ్రంగా కడిగి మిద్దె మీద బోర్లించారు.

అదే శనివారం మధ్యాహ్నం, నేను మిషను మీద ఉండగా, అత్తగారు ఊతకర్రతో కిటికీ ఊచలను బాదడం మొదలుపెట్టింది. అప్పటికి ఆమె కర్ర పట్టుకుని మంచం దిగుతోంది. నేను పోయి చూస్తే, గూటి మీద ఒక పెద్ద నల్ల కందిరీగ ఉంది, నా బొటనవేలంత. నడుం కింద ఒక్క వెడల్పాటి పసుపు పట్టీ. అది తొందర లేకుండా ఒక్కొక్క గదీ తెరిచి, లోపలి తెల్లటి పిల్లల్ని లాగి నములుతోంది. మా కందిరీగలు ఒక్కటి కూడా దాని మీదికి పోలేదు. మా ఆయన్ని, ఓనరమ్మను అంత ధైర్యంగా తరిమినవి, సజ్జ మూలకు జరిగి గుంపుగా కూర్చుని చూస్తున్నాయి.

అత్తగారు కర్రతో బాదుతూనే ఉంది. ఆ నల్లది తల కూడా తిప్పలేదు.

"రేపు మనమే తీసేద్దామనుకున్నాం కదత్తా," అన్నాను మెల్లగా.

"మనం తీసేది వేరే పాపా," అంది ఆమె. తర్వాత కర్ర కింద పెట్టి మంచం అంచున కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఆ నల్లది పోయి, మళ్ళీ వచ్చి, మళ్ళీ పోయి, పొద్దు వాలేదాకా గూడంతా ఖాళీ చేసింది. ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే నేను చూడనట్టు ఊరుకున్నాను. ఒక పురుగు కోసం ఏడ్చిందని ఎవరైనా అంటే ఆమె ఒప్పుకోదు.

ఆదివారం పంపు అవసరం రాలేదు. మిగిలిన కందిరీగలు పొద్దున్నే గుంపుగా లేచి పక్కింటి గోడ దాటి పోయాయి. మా ఆయన, క్యాపు పెట్టుకునే, కర్రతో గూటి కాడ తెంపి కిందికి దించారు. ఓనరమ్మకు చూపించాం. ఆమె దూరం నుంచే చూసి, పాదును సజ్జ మీదికి పాకనివ్వనని, దారాలన్నీ తెంపేస్తానని చెప్పింది. అన్నట్టే చేసింది కూడా. అత్తగారు గూడును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పి చూసింది. ఊదితే ఎగిరిపోయేటంత తేలిక. అన్ని గదులూ ఆరు మూలలే, ఒకదాని గోడ ఇంకొకదానికి గోడ. ఎక్కడా ఒక పట్టీ వృథా పోలేదని ఆమె మెచ్చుకుంది. కట్టు విప్పాక దొడ్డబళ్ళాపురం పోతూ దాన్ని తీసుకుపోతుందేమో అనుకున్నాను. తీసుకుపోలేదు. నా మిషనును మళ్ళీ కిటికీ దగ్గరికి జరపమని మాత్రం కొడుకుకు చెప్పి, జరిపేదాకా నిలబడి చూసి, అప్పుడు కారెక్కింది.

రెండు వేల సంవత్సరం దాటాక మేం బేగూరు వైపు ఒక ఫ్లాటుకు మారాం. ఆ అపార్టుమెంటులో కందిరీగల విషయం వస్తే నా పేరే చెప్పేవాళ్ళు. నేనేదో ఎరుగుదునని కాదు, భయపడకుండా చూస్తాను కాబట్టి. ఎండలు ముదరకముందే మీటరు పెట్టెలు, ఏసీ డబ్బాల వెనక, బాల్కనీ మూలలు చూసుకోమని అందరికీ చెప్పేదాన్ని. కంతలుంటే మూసెయ్యాలి. మూడు గిన్నెల గూడైతే చీపురు చాలు. ఎవరూ ముట్టని ఎత్తులో ఉంటే వదిలెయ్యాలి. పిల్లలు తిరిగే చోట పెద్ద గూడుంటే మాత్రం సొంతంగా చెయ్యి పెట్టకుండా మందు కొట్టేవాళ్ళను పిలవాలి, అదీ పిల్లలు ఆడుకునే వేళ కాకుండా.

మా కింది ఫ్లోరులో విజయవాడ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చంకలో పాప. ఒక శనివారం ఫోను చేసింది.

"ఆంటీ, మా బాల్కనీలో వాస్ప్ నెస్ట్ పెడుతోంది. చిన్నదే. మా ఆయన ఆఫీసులో ఉన్నాడు. పాప అటే పాకుతోంది, నాకు చాలా టెన్షన్‌గా ఉంది."

ఎన్ని గిన్నెలున్నాయో చూడమన్నాను. నాలుగంది. కందిరీగలెన్ని అంటే ఒక్కటే అంది. అయితే పాపను లోపల పెట్టి తలుపు వెయ్యి, అది ఎగిరిపోయేదాకా ఆగు, పోగానే చీపురు కర్రతో కాడ తెంపి లోపలికి వచ్చెయ్యి, తిరిగొచ్చి కాసేపు వెతుక్కుంటుంది, ఆ పూటకు బాల్కనీ వైపు పోకు అని చెప్పాను. నేను వస్తానన్నా వినలేదు. నేనే చేస్తా, మీరు లైన్లో ఉండండి అంది. స్పీకరు లోంచి పాప కేరింతలు, తలుపు చప్పుడు, చాలాసేపు నిశ్శబ్దం, తర్వాత చీపురు గోడకు తగిలిన చప్పుడు వినబడ్డాయి. పడింది ఆంటీ అంది, గొంతు ఎక్కడో బావి లోంచి వస్తున్నట్టు.

కాసేపటికి మా తలుపు కొట్టింది. భర్త రెయిన్‌కోటు, నెత్తిన బైకు హెల్మెట్, చంకలో పాప. హెల్మెట్ అద్దం ఆవిరి పట్టి ఆమెకు గడప కనబడటం లేదు. ఆ పూట మా ఇంట్లో అత్తగారు ఉంది, మమ్మల్ని చూసిపోదామని వచ్చింది. సోఫాలో కూర్చుని తల పైకెత్తి ఆ వేషాన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"కూర్చోమ్మా," అంది చివరికి. "ఆ టోపీ తీసేసి, అది గోడకు ఎట్ల అంటిచ్చినాదో చెప్పు."

అమ్మాయి హెల్మెట్ తీసి టీపాయ్ మీద పెట్టి, కాడ ఎంత సన్నగా ఉందో వేళ్ళతో చూపిస్తూ మొదలుపెట్టింది. పాప హెల్మెట్ పట్టీని నోట్లో పెట్టుకుంది. నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను.